సుడోకు: ఊహయు, ఉపపత్తియు



మన సీమలోని పాత మంటపములయందు రాతిపైఁ జెక్కిన పులిజూదపు గీఁతలను మీరు చూచియే యుందురు. ఎండవేళ నీడపట్టునఁ గూర్చుండి పెద్దలు గులకరాళ్లతో నాడుకొనిన యాట యది. నేఁడు దినపత్రికలలో వెలువడుచున్న సుడోకు కూడ నట్టి గీఁతల యాటయే. కాని దీనియందు ఎదుటి పక్షమువాఁడు లేఁడు. మన తొందరపాటే మనకుఁ బ్రత్యర్థి.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక తరగతిలో నల్లబల్లపైఁ గఠినమైన సుడోకు నొకదానిని సాధించుచుంటిని. నడుమ నొక గడియొద్ద దారి తోఁపలేదు. ఆ గడిలో 5 గాని 8 గాని యుండవలెను. మనస్సునకుఁ దోఁచినట్లు 8 వ్రాసితిని. అదృష్టవశమునఁ దక్కినవన్నియు సరిపోయినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అప్పుడు వెనుక వరుసలోని యొక బాలిక లేచి, “అయ్యా, అచ్చట 5 ఏల కారాదు?” అని యడిగెను. “చివరకు సరిపోయినది గదా, అమ్మా” అంటిని. “సరిపోవునని మీకు ముందుగా నెట్లు తెలిసినదండీ?” అని యామె కూర్చుండెను. నాయొద్ద నుత్తరము లేకపోయెను. ఆ రాత్రి యింటికిఁ బోయి వెదకి తెలిసికొనిన యుత్తరమే యీ పాఠము.

మొదట నియమము. సుడోకు పట్టికలో 81 గళ్లు గలవు. అవి తొమ్మిది అడ్డవరుసలుగను, తొమ్మిది నిలువువరుసలుగను, మూఁడు మూఁడు గళ్ల కొలతగల తొమ్మిది ఖండములుగను ఏర్పడి యుండును. ప్రతి వరుసలోను, ప్రతి ఖండములోను 1 మొదలు 9 వఱకు నంకెలు ఒక్కొక్క మాఱే రావలెను. సరిగాఁ గూర్చిన సమస్యకు సమాధాన మొక్కటియే. 17 కంటెఁ దక్కువ యంకెల నిచ్చినచో నట్టి యేకైక సమాధానము సాధ్యము కాదని 2012లో డబ్లిను నగరమున గ్యారీ మెక్‌గ్వైరు బృందము గణనయంత్రముల సాయమున నిరూపించినది. నిండిన పట్టికల మొత్తము సంఖ్య 6,670,903,752,021,072,936,960 అని 2005లో ఫెల్గెన్‌హావరు, జార్విసు అనువారు లెక్కించిరి. ఇరువదిరెండు స్థానముల సంఖ్య యిది! ఇంతటి యడవిలో గ్రుడ్డిగాఁ దిరుగుట వృథాశ్రమ.

కావునఁ బలకయు బలపమును దీసికొనుఁడు. ఖాళీగానున్న ప్రతి గడిలోను అచ్చట రాఁదగిన యంకెలన్నిటిని చిన్నవిగా వ్రాసికొనుఁడు. వీనిని “తగు అంకెలు” అందము. తగనిదానిని కారణము చెప్పి తుడిచివేయుటయే మన పని.

మొదటి యుపాయము: జంట. ఒక అడ్డవరుసలో అయిదు గళ్లు ఖాళీగా నున్నవనుకొనుఁడు. మొదటి గడికి 2, 7; నాలుగవదానికిని 2, 7; ఆఱవదానికి 2, 9; ఎనిమిదవదానికి 4, 5, 9; తొమ్మిదవదానికి 4, 5, 7 తగు అంకెలు. మొదటి గడిలో 2 వచ్చినచో నాలుగవ గడిలో 7 వచ్చును. మొదటిదానిలో 7 వచ్చినచో నాలుగవదానిలో 2 వచ్చును. ఎట్లయినను 2, 7 ఆ రెండు గళ్లకే చెల్లును. కావున ఆఱవ గడిలో 2 తుడిచినచో 9 మిగులును. పిమ్మట ఎనిమిదవదానిలో 9, తొమ్మిదవదానిలో 7 పోయి, ఆ రెండింటికిని 4, 5 మాత్రమే నిలుచును. మొదటి గడిలో నున్నది 2యో 7యో మన మింకను ఎఱుఁగము. ఎఱుఁగకయే ముందునకు సాగితిమి గదా!

రెండవ యుపాయము: నాలుగు మూలలు. రెండవ అడ్డవరుసలో 5 అను నంకెకు మూఁడవ, ఏడవ నిలువువరుసలలో మాత్రమే చోటు గలదు. ఎనిమిదవ అడ్డవరుసలోను ఆ రెండు నిలువువరుసలలోనే చోటు గలదు. రెండవ అడ్డవరుసలోని 5 మూఁడవ నిలువువరుసలో నున్నచో, ఎనిమిదవ అడ్డవరుసలోనిది ఏడవ నిలువువరుసకుఁ బోవును, లేనిచో దారుమాఱగును. ఎట్లయినను మూఁడవ నిలువువరుసకును, ఏడవ నిలువువరుసకును రావలసిన 5 లు ఆ నాలుగు మూలలలోనే ముగిసినవి. కావున ఆ రెండు నిలువువరుసలలోని తక్కిన గళ్లనుండి 5 తొలఁగింపవచ్చును. నాఁడు నేను చిక్కుకొనిన గడి అయిదవ అడ్డవరుసకు, ఏడవ నిలువువరుసకుఁ జెందినది. అచ్చట 5 ఏల కారాదో యిప్పుడు ఆ బాలికకుఁ జెప్పఁగలను.

మూఁడవ యుపాయము: కీలు. మూఁడవ అడ్డవరుస, రెండవ నిలువువరుస కలియు గడిలో 1, 4 తగు అంకెలు. ఇది కీలు. అదే యడ్డవరుసలో ఎనిమిదవ గడికి 1, 6. కీలున్న నిలువువరుసలోనే యేడవ గడికి 4, 6 తగు అంకెలు. ఇవి రెండు రెక్కలు. కీలులో 1 ఉన్నచో మొదటి రెక్క 6 అగును. 4 ఉన్నచో రెండవ రెక్క 6 అగును. రెండు రెక్కలలో నొకటి తప్పక 6 కావలెను. కావున ఏడవ అడ్డవరుస, ఎనిమిదవ నిలువువరుస కలియు గడి రెండు రెక్కలకును ఎదురైనది గనుక అందు 6 ఉండఁజాలదు.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును: “ఇదియు ‘1 అయినచో, 4 అయినచో’ అని యూహించుటయే గదా?” కాదు. ఊహించువాఁడు రెండు త్రోవలలో నొకదానిని నమ్మి నడచును. తర్కించువాఁడు రెండింటను నడచి వచ్చి, రెండింటను నిజమైనదానినే గ్రహించును. మన పూర్వ గణితజ్ఞులు ఇట్టి కారణనిరూపణమును “ఉపపత్తి” అనిరి. ఫలము సరియైనంత మాత్రమున నుపపత్తి యున్నట్లు కాదు.

ఈ భేదము ఆటకు మాత్రమే పరిమితము కాదు. నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము స్థాపింపఁబడినది. అట్టి క్షేత్రములో నాలుగు రకముల జొన్నను పోల్చి చూడవలెనని యనుకొనుఁడు. నేల సారము ఒక దిక్కునకుఁ దఱుగును; తేమ మఱియొక దిక్కునకుఁ దఱుగును. మంచి మడి యంతయు నొక రకమునకే దక్కినచో, హెచ్చైన దిగుబడి విత్తనముదో నేలదో తెలియదు. అందువలన ప్రతి రకమును ప్రతి యడ్డవరుసలోను, ప్రతి నిలువువరుసలోను ఒక్కొక్క మాఱు విత్తుదురు. 18వ శతాబ్దమున ఆయిలరు పరిశీలించిన “లాటిన్ చతురస్రము” ఇదియే. 20వ శతాబ్దమున ఫిషరు దానిని పొలములకుఁ దెచ్చెను. ఖండముల నియమమును గూడఁ జేర్చిన పొలపు పట్టికలను 1956లో జర్మను శాస్త్రజ్ఞుఁడు బేరెన్సు ప్రతిపాదించెను. 1979లో అమెరికాలో హోవర్డు గార్న్సు కూర్చిన యంకెల యాటకు 1984లో జపానులో సుడోకు అను పేరు కుదిరెను.

మనకు పొరుగున, నాఁటి బళ్లారి జిల్లాలోని హడగలిలో 1920లో ఒక తెలుఁగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1947లో “ఆర్థోగొనల్ అరేలు” అను అంకెల పట్టికలను రూపొందించిరి. తక్కువ ప్రయోగములతో నమ్మఁదగిన ఫలము రాఁబట్టుటకు అవి యుపకరించును. వ్యవసాయమునందే గాక కర్మాగారములయందును అవి వాడుకలోనికి వచ్చినవి.

వానలు తక్కువైన మన నేలలో ఒక పదునుకు విత్తిన విత్తు తప్పినచో నొక యేఁటి గ్రాసము తప్పును. “ఈ విత్తనము మంచిది” అని చెప్పువానిని “ఎట్లు తెలిసినది?” అని యడుగుట రైతునకు బ్రతుకుతెరువు. ఆ ప్రశ్నను వేయుటకును, సహించుటకును తరగతిలోనే యలవాటు పడవలెను. నన్నడిగిన బాలికకు నేనింకను ఋణపడియే యున్నాను.

అభ్యాసము: ఒక అడ్డవరుసలో మూఁడు గళ్లకు వరుసగా 1, 3, 3, 8, 1, 8 తగు అంకెలు. అదే వరుసలోని నాలుగవ ఖాళీ గడికి 3, 6 తగు అంకెలు. నాలుగవదానిలో నేమి వ్రాయవలెను? అంకెను మాత్రమే చెప్పిన సగము మార్కులు. ఏలయో చెప్పినవారికిఁ బూర్ణముగా నిత్తుము.