పెరుగు గిన్నె – మందు గుళిక

'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు లభించిన భోజనంలో గడ్డపెరుగు కూడ ఉంది. ఆ నగరపు పాతపేట మట్టెవాడలో నేటికీ పెరుగన్నం తినందే భోజనం ముగిసినట్లు కాదు. అయితే ఇప్పుడు యాంటీబయాటిక్ మందుల వెంట ప్రోబయోటిక్ గుళికలు సైతం ఇళ్ళకు చేరుతున్నాయి.

తగిన మోతాదులో స్వీకరించినపుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. యాంటీబయాటిక్‌లు రోగకారకాలతోపాటు పేగులలోని హితకర జీవులనూ నశింపజేస్తాయి. తత్ఫలితమైన విరేచనాలను కొన్ని ప్రోబయోటిక్‌లు కొంతవరకు నివారిస్తాయి. 'కొన్ని' అన్న మాటను మరువరాదు. ఒక రకం చేసిన మేలును మరొక రకానికి ఆపాదించరాదు. ఇంటింటి తోడులోని సూక్ష్మజీవులు ఒకటి కావు. కనుక పెరుగు పుష్టికరమైన ఆహారమే గాని, మోతాదు తెలిసిన ఔషధం కాదు.

ఒడిశా గ్రామాలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే సూక్ష్మజీవిని, దానికి పోషకమైన ఒక చక్కెరను కలిపి ఇచ్చినందువల్ల రక్తదోషం, మరణం సుమారు 40 శాతం తగ్గాయి. అయితే వారు నెలలు నిండి, లేదా దాదాపు నిండి, ఆరోగ్యంగా పుట్టినవారు. నెలలు నిండని పసికందు సంగతి వేరు. ప్రోబయోటిక్‌లోని సూక్ష్మజీవి రక్తంలో వ్యాపించి అట్టి శిశువు ఒకరు మరణించగా, 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించింది.

ఆరోగ్యవంతులకు సాధారణంగా కలిగేది కొద్దిపాటి కడుపుబ్బరమే. రోగనిరోధకశక్తి క్షీణించినవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చబడినవారు మాత్రం వైద్యుని అనుమతి లేక వీటిని తాకరాదు. పసిపిల్లల విరేచనాలకు ముందుగా అందవలసినవి ఓ.ఆర్.ఎస్. ద్రావణం, జింకు, గుళిక వాటికి ప్రత్యామ్నాయం కాదు.