అడ్వాన్సు ఇచ్చుటకు ముందు మురుగు గొట్టము చూడండి



కోడంబాక్కంలో పాత ఇల్లు కొనదలచినవారు పట్టా, ఈసీ, బోరు నీరు, గోడ పగుళ్లు శ్రద్ధగా చూచెదరు. మురుగు గొట్టము సంగతి అడుగువారు తక్కువ. నేనును అడుగలేదు. గృహప్రవేశమైన మొదటి వానాకాలమే స్నానాల గదిలోనికి మురుగు ఎదురు తన్నినది. త్రవ్వి చూడగా వేపచెట్టు వేళ్లు గొట్టము నిండ జడలవలె అల్లుకొని యున్నవి.

పాత ఇండ్లలో తరచుగా గాజుపూత గల మట్టి గొట్టములుండును. పొట్టి ముక్కలు గనుక అతుకులెక్కువ. సిమెంటు బీటలిచ్చిన అతుకులలో తడి కొరకు వేళ్లు దూరును. నేల క్రుంగినచోట గొట్టము వంగి నీరు నిలుచును.

పూర్వపు మేస్త్రీలు ఒక మ్యాన్‌హోలులో దీపము, రెండవదానిలో అద్దము పెట్టి చూచెడివారు. వెలుగు నిండు చంద్రునివలె కనబడినచో గొట్టము తిన్నగా, అడ్డులేక యున్నట్లు. (ట్రైనింగులో మాకు కాంతి పాఠమునకు ఇంత మంచి ఉదాహరణ ఎవరును చెప్పలేదు!) ఇప్పుడు కెమెరా కలదు. దీపముగల చిన్న కెమెరాను వంగెడి కడ్డీతో లోనికి పంపగా, లోపమేదో, ఎన్ని మీటర్ల దూరముననో తెరపై తెలియును. ముందుగా గొట్టము కడిగించవలెను. మురికినీరు నిలిచియున్న కెమెరాకు ఏమియు కనబడదు. వీధి లైను మెట్రోవాటరు బోర్డుది, ఆవరణలోనిది మనది. ఆ రెండును కలియు చోటు వరకు చూపించి, రికార్డు అడిగి తీసికొనండి.

లోపము తేలినయెడల ధర తగ్గించమనవచ్చును, అమ్మువారినే బాగుచేయించమనవచ్చును. రిజిస్ట్రేషను తరువాత ఆ మాట వినువారుండరు.

మరియొకటి. 2013 చట్టము ప్రకారము రక్షణ సాధనములు లేక మనిషిని మురుగులోనికి దింపుట నేరము. నాడు మా ఇంటికి వచ్చిన కుర్రవాడు చొక్కా విప్పి దిగబోయెను. నేనే చేయి పట్టి ఆపితిని. అతనికి మా చిన్నవాని వయసే.