పిల్లులలో మొక్కల విషబాధ: మొక్క గుర్తింపు, తొలి చికిత్స

దిగువ కృష్ణా డెల్టాలో గన్నేరు అన్న పేరు ఒక్క మొక్కకు పరిమితం కాదు. మచిలీపట్నం, గుడివాడ పెరళ్ళలోను, దివిసీమ ఆలయ ఆవరణలలోను పెరిగే గన్నేరు (నీరియం), పచ్చగన్నేరు (థెవీషియా), బిళ్ళగన్నేరు (కాథరాంథస్), దేవగన్నేరు (ప్లుమేరియా) ఒకే కుటుంబానికి చెందినవైనా వాటి విషాలు ఒకటి కావు. మొదటి రెండింటిలో గుండెపై పనిచేసే గ్లైకోసైడ్లు ఉన్నందున కొద్దిపాటి ఆకు నమిలినా పిల్లి ప్రాణానికి ముప్పే. బిళ్ళగన్నేరులోని ఆల్కలాయిడ్లు కణవిభజనను అడ్డుకొంటాయి. దేవగన్నేరు పాలు ప్రధానంగా నోటిని, జీర్ణాశయాన్ని బాధిస్తాయి. కావున "పిల్లి గన్నేరు తిన్నది" అన్న ఒక్క మాటపై చికిత్స నిర్ణయించరాదు. పువ్వుతో సహా కొమ్మను తెప్పించుకోవాలి. వీలుకానిచో ఫోటో అయినా చూడాలి.

లిల్లీ విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. పూలబజారులో లిల్లీగా అమ్మే నేలసంపెంగ నిజమైన లిల్లీ కాదు. పిల్లి మూత్రపిండాలను దెబ్బతీసేవి పుష్పగుచ్ఛాలలో వచ్చే లీలియం, తోటలలో పెంచే డే లిల్లీ. వీటి ఆకు, పువ్వు మాత్రమే కాదు, ఒంటిపై రాలిన పుప్పొడిని నాకినా, పూలు ఉంచిన నీటిని త్రాగినా ప్రమాదమే. తొలుత వాంతులై, పిమ్మట పిల్లి తేరుకొన్నట్లు కనిపిస్తుంది. యజమాని నిశ్చింతగా ఉండిపోయేది అప్పుడే. 1 నుండి 3 రోజులలో మూత్రపిండాలు విఫలమవుతాయి. తిన్న 18 గంటలలోపు సిరద్వారా ద్రవాలు ప్రారంభించినచో బ్రతికే అవకాశం మెరుగు.

మనీప్లాంటు, డిఫెన్‌బాకియా, చేమ ఆకులలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు నోటిని గుచ్చి చొంగ కార్పిస్తాయి. తడిగుడ్డతో నోరు తుడిచి కొద్దిగా నీరు పట్టించవచ్చు; వాంతి చేయించరాదు.

ఇంటి వద్ద ఉప్పునీరు పోయడం మానిపించవలసిన అలవాటు. దానివల్ల రక్తంలో సోడియం పెరిగి మెదడుకు హాని కలుగుతుంది. కుక్కలకు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ పిల్లి జీర్ణాశయాన్ని పుండుచేస్తుంది. బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పారాసిటమాల్ పిల్లికి స్వయంగా విషమే. నోటిలోని ఆకు తీసి, ఒంటిపై పుప్పొడి కడిగి, తిన్న సమయం వ్రాసుకొని వెంటనే బయలుదేరడమే యజమాని చేయదగినది.

వాంతి చేయించడం పశువైద్యుని పని. అదీ పిల్లి పూర్తి స్పృహలో ఉన్నప్పుడే. తరువాత కిలో బరువుకు 1 నుండి 2 గ్రాముల ఉత్తేజిత బొగ్గు ఇస్తారు. గన్నేరు కేసులలో గుండె లయను గమనిస్తూ, అది మందగించినచో అట్రోపిన్ వాడతారు. కాల్షియం ఇంజక్షన్ ఇవ్వరాదు. నాగాయలంక, కోడూరుల నుండి గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలకు ప్రయాణం సుదీర్ఘం. అందువల్ల దగ్గరి పశువైద్యశాలలో తొలి చికిత్స జరిగిన తరువాతనే పంపడం మేలు.

వరిచేలలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలు పెట్టే రోజులలో నమిలిన ఆకు కనిపించినంత మాత్రాన విచారణ ఆపరాదు. వాంతిలో వెల్లుల్లి వాసన వచ్చినచో ఫాస్ఫీన్ వాయువును అనుమానించి, గాలి ఆడేచోటనే పరీక్షించాలి. బ్రోమాడయోలోన్ వలన రక్తస్రావం కొన్ని రోజుల తరువాతగాని బయటపడదు.