సంతకం పెట్టిన రోజే పెళ్ళిరోజు

గవర్నర్‌పేట, విజయవాడ

మాధురీ,

చదువయ్యాక పనిచేయడానికిచ్చే ఓపీటీ గడువు అయిపోయేలోగా డాలస్‌లో రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుని, భార్య హోదాలో హెచ్-4 వీసాకి మారతాననీ, వచ్చే మాఘంలో బెజవాడలో పెళ్ళి జరిపించమనీ రాశావు. అబ్బాయి మాకందరికీ నచ్చినవాడే. నేను ఒప్పుకోలేనిది ఒక్కటే, అక్కడ పెట్టబోయే సంతకాన్ని మీరిద్దరూ వీసా పనిగా లెక్కగట్టడం. టెక్సాస్ చట్టం దాన్ని అలా చూడదు తల్లీ. ఇద్దరూ గుర్తింపు పత్రాలతో కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్ళి, తమకు వేరే భార్యగానీ భర్తగానీ లేరని ప్రమాణం చేస్తే లైసెన్సు చేతికిస్తారు. ఆపైన 72 గంటలు ఆగాలి. 90 రోజుల్లోగా జడ్జిగానీ పురోహితుడుగానీ పెళ్ళి జరిపించాలి. ఆయన సంతకం చేసిన లైసెన్సు 30 రోజుల్లో తిరిగి క్లర్కుకు చేరి రికార్డుకెక్కాలి. ఇంత తతంగంలో 'వీసా వరకే' అని రాసుకునే గడి ఎక్కడా లేదు. ఆ పెళ్ళి జరిగిన నాటి నుంచి ఆస్తికీ, పన్నుకీ, ఆస్పత్రిలో సంతకానికీ మీరు భార్యాభర్తలే.

అగ్నిసాక్షి లేని పెళ్ళి మన దేశంలో చెల్లదు కదా అని అడుగుతావు. పెళ్ళితంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఆ తీర్పు హిందూ వివాహ చట్టం కింద జరిగిందని చూపించిన పెళ్ళి గురించి. మరో దేశపు చట్టం ప్రకారం అక్కడే జరిగిన పెళ్ళి సంగతి వేరు. అలాంటి వాటి కోసమే మనకు 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒక్కరైనా భారత పౌరులైతే, స్థానిక చట్టం ప్రకారం చేసుకున్న పెళ్ళిని మన వివాహాధికారి దగ్గర నమోదు చేయించుకోవడానికి అందులోని 17వ సెక్షన్ దారి చూపుతుంది. వరుడికి 21, వధువుకు 18 నిండాలన్న షరతు అందులోనూ ఉంది. స్థూలంగా చెప్పాలంటే, పెళ్ళి సక్రమంగా జరిగిందా అన్నది ఆ నేల చట్టాన్ని బట్టి, పెళ్ళాడే అర్హత ఉందా అన్నది స్వదేశపు చట్టాన్ని బట్టి తేలుతుంది. ఈ రెండూ కుదిరిన మీరు అక్కడ భార్యాభర్తలమని ప్రమాణం చేసి, ఇక్కడికొచ్చి అవివాహితులమని చెప్పుకోలేరు. (మీది మేనరికం కాదు కాబట్టి బతికిపోయారు. మన ఆచారం ఒప్పుకునే మేనబావ పెళ్ళిని టెక్సాస్ 2005 నుంచి నిషేధించింది. మేనమామతో పెళ్ళి అక్కడ ఎప్పుడూ కుదిరేది కాదు. అక్కడ చదువుకునే నీ స్నేహితురాళ్ళకు ఈ సంగతి చెప్పు.)

నా భయమల్లా సంతకానికీ మాఘానికీ మధ్యనున్న నెలల గురించి. ఇది అపశకునపు మాట కాదు. కట్నం దగ్గరో, ఉద్యోగం దగ్గరో సంబంధం చెడితే, ఇంకా తాళి కట్టలేదు కదా అని పెద్దలు మరో సంబంధం చూస్తారు. అప్పటికే నీకు చట్టరీత్యా భర్త ఉంటాడు. విడాకులు లేకుండా మళ్ళీ పెళ్ళాడితే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం. విడాకులు అక్కడే తెచ్చుకోవచ్చు కదా అంటే, టెక్సాస్‌లో మామూలుగా 60 రోజుల నిరీక్షణ ఉంది, అంతటితో ఇక్కడ చిక్కు వీడుతుందన్న భరోసా లేదు. తిరుపతిలో 1975లో పెళ్ళయిన దంపతుల కేసు చూడు. భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళాడాడు. మన చట్టం ఒప్పుకోని కారణం మీద, అధికారం లేని కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్ళ పెళ్ళి ఇక్కడ జరిగింది, మీది అక్కడ జరుగుతుంది కాబట్టి ఆ తీర్పు మీకు అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా పరాయి దేశపు కోర్టు కాగితం ఇక్కడ దానంతటదే చెల్లుబాటు కాదన్నది మాత్రం స్పష్టం.

అయితే ముందే ఇక్కడికి వచ్చి పెళ్ళి చేసుకోవచ్చు కదా అని మీ అమ్మ అంటోంది. వీలైతే నాకూ అదే ఇష్టం. తంతు జరిపించి, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్‌కు విదేశాల్లో చెల్లేలా అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించుకుంటే చాలు, అమెరికాలోనూ చూపించుకోవచ్చు. కానీ గడువు దగ్గరపడ్డాక దేశం దాటి వస్తే తిరిగి వెళ్ళడం నీ చేతిలో ఉండదు. అందుకే నేను పట్టుపట్టను. డాలస్‌లోనే చేసుకోండి, పెళ్ళిలా చేసుకోండి. సర్టిఫికెట్ నకలు అదనంగా తీసుకుని, టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ చేయించి దాచుకోండి. ప్రతి దరఖాస్తులో ఆ తేదీనే రాయండి. మాఘంలో జీలకర్ర బెల్లం, మూడు ముళ్ళు, తలంబ్రాలు అన్నీ ఘనంగా జరిపిద్దాం. కానీ ఇక్కడ రెండో తేదీతో, అప్పటిదాకా అవివాహితులమన్నట్టు మరో సర్టిఫికెట్ తీసుకోవద్దు. రెండు తేదీల కాగితాలు వీసా అధికారి ముందు పడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

కాబోయే అత్తమామలకు ఈ సంగతి ఇంకా చెప్పలేదని రాశావు. క్లర్క్ ఆఫీసుకు వెళ్ళే ముందే మీరిద్దరూ కలిసి వాళ్ళకు ఫోన్ చేయండి. వాళ్ళు కోప్పడితే నాతో మాట్లాడమను.

మీ పెదనాన్న