ఇంటి కొలిమికి గ్యాస్ బర్నర్: ఏది వాడొచ్చు, ఏది కూడదు?

కత్తుల తయారీ నేర్చుకునేవాళ్లు చాలామంది ముందు బర్నర్ కొనేస్తారు, గ్యాస్ సంగతి తర్వాత చూస్తారు. ఈ వరస మారాలి. ఏ సిలిండర్ వాడే హక్కు మీకుందో తేలితే ఏ బర్నర్ కొనాలన్నది సగం తేలినట్టే. మన దగ్గర తరచూ వచ్చే సందేహాలకు జవాబులివి.

1. వంటింటి సిలిండర్‌ను కొలిమికి పెట్టుకోవచ్చా?

కూడదు. 14.2 కిలోల ఎర్ర సిలిండర్ ఇంటి వంటకే. ఎల్పీజీ సరఫరా, పంపిణీపై 2000లో వచ్చిన కేంద్ర ఉత్తర్వు ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద జారీ అయిన ఉత్తర్వు కాబట్టి సిలిండర్ జప్తుతో పాటు కేసు కూడా పడొచ్చు. చేసేది సొంతానికా, అమ్మకానికా అన్నదాంతో నిమిత్తం లేదు.

2. మరి ఏది తీసుకోవాలి?

19 కిలోల కమర్షియల్ సిలిండర్ సరైనది. అప్పుడప్పుడూ చిన్న పని చేసేవాళ్లకు మార్కెట్ ధరకు అమ్మే 5 కిలోల సిలిండర్ ఉంది. ఇండేన్‌లో ‘ఛోటు’, హెచ్‌పీలో ‘అప్పు’ అంటారు. గుర్తింపు కార్డు చూపితే చాలు, చిరునామా రుజువు అడగరు.

చిన్న సిలిండర్‌కు ఒక పరిమితి ఉంది. లోపలి ద్రవం ఆవిరయ్యేకొద్దీ సిలిండర్ చల్లబడుతుంది. గ్యాస్ ఎక్కువగా లాగితే ఒంటి మీద నీటి చెమ్మ, ఆపైన మంచు పొర కడుతుంది. ఒత్తిడి పడిపోయి మంట నీరసిస్తుంది. అప్పుడు పని ఆపాలి తప్ప సిలిండర్‌ను కొలిమి దగ్గరికి జరపకూడదు. ఎర్ర సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కించడం నేరం, పైగా ప్రాణాంతకం.

3. ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా?

గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 ప్రకారం ఒకేసారి 100 కిలోలు దాటనంతవరకు ఎల్పీజీ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. మీకు ఒకటి వాడకంలో, ఒకటి పక్కన ఉంటే సరిపోతుంది. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు.

4. వెంచురీ బర్నరా, బ్లోయర్ బర్నరా?

వెంచురీకి ఫ్యాన్ అక్కర్లేదు. సన్నటి జెట్ నుంచి దూసుకొచ్చే గ్యాస్ చుట్టూ ఉన్న గాలిని తనే గొట్టంలోకి లాక్కుంటుంది. అందుకు ఒత్తిడి కావాలి. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు. వెంచురీకి కావలసింది సుమారు 300 నుంచి 1000. అందుకే వంటింటి రెగ్యులేటర్‌తో అది పసుపు మంటే ఇస్తుంది.

బ్లోయర్ బర్నర్ తక్కువ ఒత్తిడితోనూ పనిచేస్తుంది, పెద్ద కొలిమికీ సరిపోతుంది. అయితే కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, గ్యాస్ ఆగదు. కాలని గ్యాస్ కొలిమిలో నిండిపోతుంది. కరెంటు పోగానే గ్యాస్‌ను దానంతటదే మూసేసే వాల్వు లేకుండా ఈ రకం కొనొద్దు. కొత్తవాళ్లకు నా సలహా వెంచురీయే.

5. ఎంత సైజుది?

ముప్పావు అంగుళం బర్నర్ ఒక్కటి సుమారు ఐదారు లీటర్ల కొలిమికి సరిపోతుంది. వంటింటి కత్తులకు అంతకన్నా అవసరం లేదు. ఒత్తిడి తగ్గించుకునే, పెంచుకునే వీలున్న హైప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన గొట్టం కొనండి. వంటపొయ్యి గొట్టం పనికిరాదు.

మంటను చూసే సర్దుకోవాలి. కొలిమి నోటి నుంచి పొడవాటి పసుపు నాలుకలు వస్తుంటే గాలి చాలడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతోంది. ఉక్కు మీద పెచ్చు మందంగా కడుతుంటే గాలి ఎక్కువైంది.

6. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టుకోవచ్చా?

వద్దు. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పాకి కాలువల్లో, మెట్ల కింద చేరుతుంది. అన్నివైపులా గాలాడే పెరటి షెడ్డు కావాలి. సమ్మెట దెబ్బలకూ హద్దుంది. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించరాదు. ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకోండి.

7. సిలిండర్ తీసుకునేటప్పుడు నా హక్కులేమిటి?

తూకం వేయించుకునే హక్కుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. పైన పట్టీ లోపలి వైపు ‘ఏ-27’ లాంటి గుర్తు చూడండి. అక్షరం మూడు నెలల గడువును, అంకె సంవత్సరాన్ని సూచిస్తాయి. ‘ఏ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘డి’ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. గడువు దాటిన సిలిండర్‌ను తిప్పి పంపండి.

8. ఎలాంటి కత్తులు చేయొచ్చు?

ఇంటి పనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవి చేయొచ్చు. ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు గానీ, 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉండి, ఇల్లు, సేద్యం, పరిశ్రమ, శాస్త్ర పరిశోధన పనులకు కాని కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. బాకులు, ఖడ్గాలు కూడా అంతే. ఇలాంటివి తయారుచేసి అమ్మేముందు లైసెన్సు సంగతి పోలీసుల దగ్గర తేల్చుకోండి.

9. కులవృత్తిగా కమ్మరం చేసేవాళ్లకు సాయం ఉందా?

ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు, రెండు విడతల్లో మొత్తం 3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు.

గ్యాస్ వాసన వస్తే ముందు వాల్వు కట్టేయండి, స్విచ్చులు ముట్టుకోకండి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. ఎర్ర సిలిండర్‌తో మిగిలే డబ్బు కోసం మీ ఇంటినీ, పక్కింటినీ పణంగా పెట్టకండి.