కొబ్బరి నూనె యూనిట్‌లో మనుషులు పెరిగారా? జీతాల లెక్కకి ఏ పద్ధతి పెట్టుకోవాలి?

ఇన్నాళ్లూ జీవామృతం, ఘనజీవామృతం, తోటలో అంతరపంటల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి పాఠం వేరు. మన కోనసీమలో పండిన కాయని కాయగానే అమ్మేయకుండా గానుగ నూనె, ఎండు కొబ్బరి, పీచు, పొట్టు ఎరువు తయారు చేసే చిన్న యూనిట్లు పెరుగుతున్నాయి. పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ (గరిష్ఠంగా 10 లక్షలు) తీసుకుని మొదలుపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. మిషను ఏది కొనాలి, సీసా మీద లేబుల్ ఎలా ఉండాలి అని అందరూ అడుగుతారు. పనివాళ్ల జీతాల లెక్క ఎలా పెట్టుకోవాలని అడిగేవాళ్లు తక్కువ. ఆ లెక్క తప్పితే మాత్రం ముందు నష్టపోయేది పనిచేసిన మనిషి, ఆ తర్వాత మనం.

ఈ వ్యాసంలోని లెక్కలన్నీ వీడియోలో కాగితం మీద వేసి చూపించాను. వీడియో చూస్తూ ఇది పక్కన పెట్టుకుంటే సులువుగా అర్థమవుతుంది.

ముందు మన పని తీరు చూసుకోండి

పేరోల్ అంటే పెద్ద మాటేం కాదు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎంత పని చేశారు, ఎంత రావాలి, అందులో ఏం కోశాం, చేతికి ఎంత ఇచ్చాం. ఈ ఐదింటికీ రుజువు ఉండే పద్ధతే పేరోల్. బజార్లో దొరికే సాఫ్ట్‌వేర్లు చాలావరకు నెల జీతగాళ్లున్న ఆఫీసుల కోసం చేసినవి. మన యూనిట్ అలా ఉండదు. మన దగ్గర ఒకే చోట నాలుగు రకాల కూలి నడుస్తుంది:

- దింపు, ఒలుపు: కాయల లెక్కన. వందకి ఇంత, వెయ్యికి ఇంత.
- గానుగ, ప్యాకింగ్: రోజు కూలి.
- లెక్కలు, అమ్మకాలు, వ్యాను డ్రైవరు: నెల జీతం.
- తోట పని, ఎరువుల తయారీ: పని ఉన్న రోజు కూలి.

చిక్కెక్కడంటే ఒకే మనిషి వారంలో మూడు రకాల పనీ చేస్తాడు. లెక్క సులువు కోసం అంకెలు ఇలా అనుకుందాం. సోమ, మంగళవారాలు 1,200 కాయలు ఒలిచాడు. వెయ్యికి 1,000 చొప్పున 1,200 రూపాయలు. బుధవారం నుంచి శుక్రవారం దాకా గానుగ దగ్గర రోజుకి 500 చొప్పున 1,500. శనివారం తోటలో 450. మొత్తం 3,150. ముందు తీసుకున్న అడ్వాన్సు 2,000లో ఈ వారం 500 కోస్తే చేతికి 2,650, ఇంకా బాకీ 1,500.

మీరు చూసే ఏ యాప్ అయినా, సాఫ్ట్‌వేర్ అయినా ముందు ఈ ఒక్క మనిషి వారం లెక్కని తప్పు లేకుండా చూపించాలి. చూపించలేకపోతే మిగతా హంగులు ఎన్ని ఉన్నా మనకి పనికిరాదు.

10, 20: ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి

ఏ పద్ధతి కావాలన్నది మీ దగ్గర ఉన్న మనుషుల సంఖ్యని బట్టి ఉంటుంది.

10 మంది అయితే ఈఎస్ఐ వస్తుంది. జీతం నెలకి 21,000 వరకు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. పనివాడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కొంతమంది దీన్ని పన్నులా చూస్తారు. పీచు మిషను దగ్గర చెయ్యి పోయినవాడి ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఇది పన్ను కాదని తెలుస్తుంది. పనిలో ప్రమాదం జరిగి పని చేయలేకపోతే కూలిలో 90 శాతం దాకా అందుతుంది. చనిపోతే కుటుంబానికి నెలనెలా వస్తుంది. ఈఎస్ఐ ఆసుపత్రి మనకి రాజమహేంద్రవరంలో ఉంది. ఆ మనిషి పేరు మన రికార్డులో లేకపోతే ఇవేవీ అందవు. అప్పుడు వైద్యం ఖర్చు, నష్టపరిహారం మన మీద పడతాయి.

20 మంది అయితే పీఎఫ్. పనివాడి నుంచి 12 శాతం, మన నుంచి 12 శాతం. మన 12లో 8.33 శాతం పెన్షన్‌కి, 3.67 శాతం పీఎఫ్‌కి వెళుతుంది. దీనికి తోడు బీమాకి 0.5 శాతం, నిర్వహణ ఖర్చుకి 0.5 శాతం (నెలకి కనీసం 500) మనమే కట్టాలి. బోనస్ కూడా 20 మంది దగ్గరే మొదలవుతుంది, కనీసం 8.33 శాతం. ఒకసారి పీఎఫ్‌లో చేరాక, మనుషులు తగ్గారని మర్నాడే బయటికి రావడం కుదరదు.

"మేస్త్రీ తెచ్చిన మనుషులు నా లెక్కలోకి రారు కదా" అంటారు కొందరు. వస్తారండి. మన యూనిట్ పని కోసం మేస్త్రీ ద్వారా వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. మేస్త్రీ కట్టకపోతే చివరికి అడిగేది మననే. అందుకని మేస్త్రీ ముఠాకి మొత్తం ఒకే అంకె రాసి ఊరుకోకుండా, పేరుపేరునా హాజరు రాయించండి.

తోటలో చెట్టెక్కి దింపు తీసేవాళ్ల సంగతి వేరే. వాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమా ఉంది. తోట పని రిజిస్టరు వేరుగా, యూనిట్ రిజిస్టరు వేరుగా పెట్టుకోండి. అంతేగాని సంఖ్య తగ్గించడం కోసం యూనిట్‌లో చేసేవాళ్ల పేర్లు తోట పుస్తకంలో రాయకండి.

ఒక మనిషికి మనకి నిజంగా పడే ఖర్చు

రోజుకి 500 చొప్పున 26 రోజులు, 13,000 అనుకుందాం. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉన్న యూనిట్‌లో లెక్క ఇది.

పనివాడి వైపు:
- పీఎఫ్ 12 శాతం: 1,560
- ఈఎస్ఐ 0.75 శాతం: 98
- చేతికి వచ్చేది: 11,342

మన వైపు:
- పీఎఫ్, పెన్షన్ కలిపి: 1,560
- బీమా: 65
- నిర్వహణ: 65
- ఈఎస్ఐ 3.25 శాతం: 423
- అదనంగా కట్టేది: 2,113
- మొత్తం ఖర్చు: 15,113

ఇలాంటి 20 మంది ఉంటే నెలకి 2,60,000 కాదు, 3,02,260. తేడా 42,260. నూనె లీటరు ధర వేసేటప్పుడే ఈ తేడా అందులో కలపాలి. ప్రకృతి సేద్యం సరుకని నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొనేవాళ్లు ఆ ధరలో పనివాడి వాటా కూడా ఉందనే నమ్ముతారు. పంతొమ్మిదో మనిషి దగ్గరే ఆగిపోదామనుకునేకన్నా ధర సరిగ్గా వేసుకోవడం మేలు.

చేతికి 13,000 కాకుండా 11,342 వస్తుందని మొదటి నెల పనివాళ్లు కంగారు పడతారు. ఆ కోతలో పీఎఫ్ భాగం వాళ్ల ఖాతాలోనే పడుతుందని, మన వాటా కూడా వాళ్ల పీఎఫ్, పెన్షన్‌కే వెళుతుందని, ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించండి. అది చూశాక "ఆయ్, అలాగే కట్టండి" అన్నవాళ్లే ఎక్కువ.

కొత్త కోడ్‌లతో గమనించాల్సినవి

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మన పేరోల్‌కి తగిలే అంశాలు ఇవి:

- వారం కూలి అయితే వారం చివరి పనిదినాన ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు. పని మానేసినా, మనం మాన్పించినా 2 పనిదినాల్లో లెక్క తేల్చాలి.
- కోతలన్నీ కలిపి కూలిలో సగం దాటకూడదు. అడ్వాన్సు మొత్తం ఒకే వారంలో పట్టేసుకోవడం కుదరదు.
- అలవెన్సుల పేరుతో బేసిక్ తగ్గించి చూపించే పని ఇక సాగదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ ఎక్కువైనది కూలిలోనే కలుస్తుంది.
- ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి. కొబ్బరి కోతలోనూ, ప్యాకింగ్‌లోనూ ఇది చూసుకోండి.
- ఓవర్‌టైమ్‌కి రెట్టింపు.
- ప్రతివాళ్లకీ జీతం చీటీ ఇవ్వాలి.

మన రాష్ట్రంలో కనీస వేతనంలోని కరువు భత్యం ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో మారుతుంది. నెల జీతం 15,000 దాటితే వృత్తి పన్ను 150, 20,000 దాటితే 200. ఈ అంకెలు మారినప్పుడు ఎవరు మారుస్తారు? మనమా, సాఫ్ట్‌వేర్ వాళ్లా? ఎంపికలో ఇదే పెద్ద ప్రశ్న.

ఎదురుగా ఉన్న దారులు

*మస్టరు పుస్తకం.* 9 మంది లోపు అయితే ఇది చాలు. పేరు, రోజు, పని, కాయలు, రేటు, అడ్వాన్సు, సంతకం. ఈ గళ్లు ఉండాలి. ప్రతి శనివారం పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి. 2022 జూలై గోదావరి వరద మన లంకల్లో ఎలా ముంచిందో చూశాం కదా. పుస్తకం ఒక్కటే ఉంటే దానితోపాటు లెక్క కూడా పోతుంది.

*ఎక్సెల్ షీటు.* కాయల లెక్క, రోజు కూలి, అడ్వాన్సు మూడూ మనకి కావలసినట్టు పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు. లోపమేమిటంటే ఒక గడిలో ఫార్ములా చెరిగితే ఎవరికీ తెలియదు, రేట్లు మారితే మనమే మార్చాలి. 10 నుంచి 19 మంది దాకా, ఒక్కరే జాగ్రత్తగా చూస్తే నడుస్తుంది.

*టాలీ.* జీఎస్టీ కోసం చాలామంది ఇప్పటికే వాడుతున్నారు. అందులోనే పేరోల్ ఉంది, ఉత్పత్తి లెక్కన కూలి వేసే వీలూ ఉంది. అమ్మకాలు, కూలి ఒకే చోట ఉంటాయి కాబట్టి లీటరుకి ఖర్చు తేల్చడం సులువు. మీ అకౌంటెంటుకి పేరోల్ భాగం వచ్చో రాదో ముందు కనుక్కోండి.

*ఆన్‌లైన్ పేరోల్.* చెన్నై జోహో వారి పేరోల్, బెంగళూరు గ్రేట్‌హెచ్‌ఆర్, హైదరాబాద్ కేకా లాంటివి. పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు అవే వేస్తాయి, పోర్టల్‌లో పెట్టాల్సిన ఫైలు తయారు చేస్తాయి, చట్టం మారితే వాళ్లే మారుస్తారు. నెల జీతగాళ్లకి బాగా కుదురుతాయి. కాయల లెక్క, వారం చెల్లింపు ఉన్నచోట మాత్రం పరీక్షించకుండా తీసుకోకండి.

*పీఎఫ్ కన్సల్టెంటు లేదా ఆడిటర్.* ఫైలింగ్ వాళ్లకి అప్పగించొచ్చు. హాజరు, కూలి లెక్క మాత్రం మన దగ్గరే ఉండాలి. పోర్టల్ పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే నంబరు మనవే అయి ఉండాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. కాయల లెక్క, రోజు కూలి, నెల జీతం ఒకే మనిషికి కలిపి వేయగలదా?
2. అడ్వాన్సు బాకీ వారంవారం తగ్గుతూ చీటీలో కనబడుతుందా?
3. చీటీ తెలుగులో వస్తుందా? కనీసం వాట్సాప్‌లో పంపగలమా?
4. పీఎఫ్, ఈఎస్ఐ ఫైళ్లు నేరుగా డౌన్‌లోడ్ అవుతాయా?
5. సిగ్నల్ లేనప్పుడు హాజరు ఎలా వేయాలి?
6. రేపు మానేస్తే మన డేటా మొత్తం ఎక్సెల్‌లో తిరిగి ఇస్తారా?

ఇవన్నీ అమ్మే మనిషి నోటితో "ఉందండీ" అంటే సరిపోదు. మీ పుస్తకంలోంచి గడిచిన నెల లెక్క తీయండి. అందులో కష్టమైన ముగ్గురిని ఎంచుకోండి: కాయల లెక్కన చేసినవాళ్లు ఒకరు, అడ్వాన్సు ఉన్నవాళ్లు ఒకరు, నెల మధ్యలో మానేసినవాళ్లు ఒకరు. ట్రయల్‌లో వాళ్ల లెక్క వేసి చూడండి. పుస్తకంలోని అంకె, తెర మీది అంకె రూపాయితో సహా కలవాలి. కలవకపోతే ఎందుకో వాళ్లు చెప్పగలగాలి. తీసుకున్నాక కూడా రెండు నెలలు పుస్తకం, సాఫ్ట్‌వేర్ రెండూ నడపండి.

నా సలహా

9 మంది వరకు పుస్తకం, ఫొటో. 8వ మనిషి చేరినప్పుడే ఎక్సెల్ మొదలుపెట్టండి. 10 దాటితే ఎక్సెల్ లేదా టాలీ, ఫైలింగ్‌కి కన్సల్టెంటు. 17, 18 మంది అయ్యేసరికి పేరోల్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ చూసి ఉండాలి. 20వ మనిషి వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది, ఎందుకంటే అందరి ఆధార్, బ్యాంకు ఖాతా పేర్లు కలవాలి, ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్ తెచ్చుకోవాలి. మన ఊళ్లలో ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో ఇంటిపేరు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఇది సరిచేయడానికే వారాలు పడుతుంది.

పీఎఫ్, ఈఎస్ఐ రెండూ తర్వాతి నెల 15 లోపు కట్టాలి. 1న హాజరు మూసేయడం, 3న లెక్క సరిచూడటం, 7 లోపు జీతాలు, 10 లోపు చలాన్లు అని గోడ మీద రాసిపెట్టుకోండి. అప్పుడు చివరి రోజు సర్వరు పనిచేయకపోయినా కంగారుండదు. లెక్క వేసేవాళ్లు ఒకరు, డబ్బు పంపేవాళ్లు ఇంకొకరు ఉంటే ఇంకా మంచిది. కూలి ఖాతాకే పంపండి. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో అది ఖర్చుగా ఒప్పుకోరు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీ యూనిట్‌లో మేస్త్రీ మనుషులతో సహా ఎంతమంది ఉన్నారో పేరుపేరునా రాసి లెక్కపెట్టండి. ఆ సంఖ్య తెలిస్తే పైన మీ దారి ఏదో మీకే తెలిసిపోతుంది. హాజరు, కాయల లెక్క, అడ్వాన్సు కలిపి ఎక్సెల్ షీటు ఎలా తయారు చేయాలో గడిగడి వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండి.