నగరి: ప్రత్యర్థి పట్టున్న జిల్లాలో హోరాహోరీ స్థానం

2019లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 14 శాసనసభ స్థానాల్లో 13 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకోగా తెలుగుదేశానికి కుప్పం ఒక్కటే మిగిలింది. అయినా నగరిలో ఆ పార్టీ అభ్యర్థి గాలి భానుప్రకాశ్ సుమారు 2,700 ఓట్ల తేడాతోనే ఓడారు. 2014లో ఆయన తండ్రి ముద్దుకృష్ణమ నాయుడిపై వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఆర్.కె. రోజా సాధించిన ఆధిక్యం కేవలం 858 ఓట్లు కావడం గమనిస్తే, ఈ స్థానాన్ని ఏ పార్టీకైనా కంచుకోటగా, అనగా ఓటమి ఎరుగని స్థానంగా, లెక్కించడం పొరపాటని స్పష్టమవుతుంది. 2024లో భానుప్రకాశ్ సుమారు 45,000 ఓట్ల ఆధిక్యంతో గెలవగా, ఉమ్మడి జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు పుంగనూరు, తంబళ్లపల్లె మాత్రమే దక్కాయి.